ఊరికి తొమ్మిది దోమతెరలు

వైతోలో అనే ఊళ్ళో ఇళ్ళు ఇరవై రెండు, దోమతెరలు తొమ్మిది. ఇంటికి రెండేసి ఉండాలని చట్టం. మరి పరీక్షలో ఊరు ప్రతిసారీ ఎలా నెగ్గుతోందని ఎవరైనా అడిగితే, వాళ్ళకి వైతోలో ఆడవాళ్ళ సంగతి తెలియదని అర్థం.

జర్మను దొరలు పోయి న్యూజిలాండు దొరలు వచ్చాక, పెద్ద జ్వరం ఊరిని సగం ఊడ్చేశాక, రాజధాని ఆపియా నుంచి చట్టాలు పడవల్లో దిగడం మొదలుపెట్టాయి. పందులు రాతిగోడ అవతలే తిరగాలి. మరుగుదొడ్డి సముద్రం మీద కట్టాలి, దాని దాకా చెక్కల వంతెన ఉండాలి. తాగే ఊట దగ్గర ఎవరూ ఒళ్ళు తోముకోకూడదు. ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడడానికి ఊరి ఆడవాళ్ళ కమిటీ ఉంది. ఆ కమిటీ సరిగా చూస్తోందో లేదో చూడడానికి ఆరు వారాలకోసారి గుర్రమెక్కి నర్సు దొరసాని వస్తుంది.

ఆవిడ తూర్పు కొసన మొదలుపెట్టి పడమటి కొసకి నడుస్తుంది. ఇళ్ళకి గోడలు లేవు, స్తంభాలే. కానీ ఇళ్ళ వెనక వంటపాకలున్నాయి, పాకల వెనక అరటిచెట్లున్నాయి, అరటిచెట్ల వెనక ఒక సన్నటి దారి ఉంది. దొరసాని మూడో ఇంట్లో నీళ్ళ డబ్బా మూత ఎత్తి చూసేలోగా మొదటి ఇంటి తెర ఆ దారిన నాలుగో ఇంటికి చేరిపోతుంది. దీపం సెగకి కాలి మాసిక పడ్డ తెర ఒకటి ఒకే పొద్దున ఆరిళ్ళలో దర్శనమిచ్చిన రోజులున్నాయి. ఊరిపెద్ద భార్య, కమిటీకి పెద్ద అయిన సినాపటి దొరసాని వెంటే ఉండి ఆరిళ్ళలోనూ దాని అంచు పట్టుకుని చూసి "శుభ్రంగా ఉంది" అనేది. ముఖం మాత్రం కదిలేది కాదు.

ఇది మోసమని ఎవరూ అనుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ళకి లేమి చూపించడం ఏం మర్యాద? మన ఇంట లేనిది పక్కింటి నుంచి తెచ్చి పెట్టడం తాతలనాటి పద్ధతి. చట్టం కూడా చుట్టపుచూపుగా వచ్చినదే అనుకున్నారు.

వావోసాకి ఈ నడిచే తెరలతో పని లేదు. ఆమెకి సొంతంగా మూడున్నాయి. కోడలిగా వచ్చిన పన్నెండేళ్ళలో ఎండుకొబ్బరి చేసి, వర్తకుడి కొట్లో పోసి, ఒక్కొక్కటిగా తెచ్చుకున్నవి. ఆమె ఇంటి చుట్టూ పరిచిన గులకరాళ్ళు తోమిన పళ్ళలా ఉండేవి. మరుగుదొడ్డి వంతెన చెక్కలు వారానికి రెండుసార్లు కడిగేది. అయినా కమిటీ కూర్చున్నప్పుడు ఆమె చాప చివరి వరసలోనే. ఊరి ఆడపడుచులు ముందు, పెద్దల భార్యలు మధ్య, పైఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు చివర. అది కట్టుబాటు. పదేళ్ళ పాటు వావోసా దాన్ని తప్పుపట్టలేదు.

లెయితూ వచ్చాకే ఆ చివరి చాప ఆమెకి గుచ్చుకోవడం మొదలైంది. లెయితూ ఆమె తోటికోడలు, మరిది సెతూ భార్య. వచ్చి రెండేళ్ళు. ఆమెదీ పైఊరే, ఆమె చాపా చివరనే ఉండాలి. కానీ ఆ పిల్ల ఏదో అనేది, ముందు వరసలో ఎవరో కిసుక్కుమనేవారు, "ఏమందీ? ఇలా వచ్చి చెప్పవే" అనేవారు. అలా జరిగి జరిగి ఏడాది తిరిగేసరికి కమిటీ పెద్దగా ముందు కూర్చునే సినాపటి మోకాలి పక్కన తేలింది. కష్టపడి గులకరాళ్ళు కడిగినదానికి చివరి చాప, కబుర్లు చెప్పినదానికి ముందు చాప! వావోసాకి ఒళ్ళు మండిపోయేది.

అది చాలదన్నట్టు అత్త సంగతి. ముసలి సులామీకి బోదకాలు. పన్నెండేళ్ళు ఆ కాలికి కొబ్బరినూనె రాసింది వావోసా. లెయితూకి కొడుకు పుట్టిన నెలలోనే అత్త తన చాప చుట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

"గాలి అక్కడ బాగా వస్తుందే," అంది సులామీ.

రెండిళ్ళ మధ్య దూరం పదిహేను అడుగులు. గాలి ఆ పదిహేను అడుగుల్లో ఎక్కడ మారిందో వావోసాకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇక పిల్లలు. లెయితూ కొడుక్కి ఏడు నెలలు, ఒక్కో చేతికి నాలుగు మడతలు. వావోసా ఐదో కాన్పు పాప తాలియాకి ఎనిమిది నెలలు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఈసారి పాలు సరిగా పడలేదు. ఆ మాట వావోసా ఎవరితోనూ అనలేదు. లెయితూకి తెలిసేలా అసలు అనలేదు.

ఇలా ఉండగా నర్సు దొరసాని ఒక కొత్త వస్తువు తెచ్చింది. పసిపిల్లల్ని తూచే కాటా. పైన గడియారం లాంటి ముల్లు, కింద గుడ్డ ఊయల.

"ఇది ఊళ్ళో ఉంటుంది," అంది దొరసాని తన ముక్కల భాషలో. "వచ్చే పరీక్ష, ఏ ఇల్లు మొదటిదో, ఆ ఇంట్లో. ఆ ఇంటి ఆమె పదిహేను రోజులకి ఒకసారి తూచాలి, పుస్తకంలో రాయాలి. తల్లులు అందరూ అక్కడికే రావాలి."

తల్లులందరూ అక్కడికే రావాలి. వావోసాకి ఆ ముక్క ఒక్కటే వినపడింది. తన దూలానికి కాటా, తన చాపల మీద ఊరి ఆడపడుచులు, పిల్ల బరువెంతో చెప్పమని తన నోటివంక చూసే సినాపటి. ఆ రోజు లెయితూ కూడా కొడుకుని ఎత్తుకుని వచ్చి వరసలో కూర్చోవాలి. పైగా వావోసా పాస్టరుగారి బడిలో చదువుకుంది, లెయితూకి అక్షరమ్ముక్క రాదు. ఇంతకన్నా ఏం కావాలి? మర్నాటి నుంచి గులకరాళ్ళు రెండోసారి కడగడం మొదలుపెట్టింది.

పరీక్షకి మూడు రోజుల ముందు లెయితూ వచ్చింది.

"అక్కా, ఒక దోమతెర ఇద్దూ. నాకున్నది ఒకటేగా. అత్త మూలకి ఇంకోటి కావాలి."

"ఎవరిదో ఒకరిది వెనకదారిన రాదూ?"

"పక్కనే అక్కని పెట్టుకుని ఎక్కణ్ణుంచో తెచ్చుకోవడం ఏంటీ? నీ దగ్గర మూడున్నాయి కదా. సినాపటమ్మగారు కూడా అన్నారు, వావోసాని అడగవే, దాని తెరలు కొత్తవి, ఈసారి మొదటి ఇల్లు నీదే అయ్యేలా ఉంది అని."

ఎంత తేలిగ్గా అనేసిందో! కళ్ళలో కల్మషం కూడా లేదు, అదొక దరిద్రం. కల్మషం ఉంటే కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

అడిగినదాన్ని లేదనడం ఆ దీవిలో తిట్టుకన్నా హీనం. వావోసా లేచి, మూడింటిలోకీ సరికొత్తది తీసి, మడత విప్పకుండా ఇచ్చింది. సాయంత్రం మొగుడు లఫయేలే చేమదుంపలు తవ్వుకుని వచ్చేసరికి ఆమె పొయ్యి రాళ్ళతో మాట్లాడుతోంది.

"ఇస్తే ఏం పోయిందే? రెండిళ్ళూ ఒకటే కదా మనవి," అన్నాడు అతను.

"ఒకటే అయితే మీ అమ్మ చాప ఎందుకు నడిచిందో?"

లఫయేలే వల తీసుకుని సముద్రం వైపు వెళ్ళిపోయాడు.

మూడు రోజులూ ఆమెకి తిండి సయించలేదు. తన తెరతో తన మీద గెలవబోతోంది లెయితూ. తను కొన్న తెర కింద తన అత్త పడుకుని ఉంటే, చూసి దొరసాని తల ఊపుతుంది. ఇదే మాట తిప్పి తిప్పి అనుకుంటూ, పరీక్ష నాటి పొద్దున్న శంఖం ఊదగానే ఎవరికన్నా ముందు తూర్పు కొసకి నడిచింది. గుర్రం దిగిన దొరసానికి కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది.

"దొరసానీ, ఒక మాట. పడమటి కొసకి చేరాక గుర్రం ఎక్కేయకండి. వచ్చిన దారినే ఒకసారి వెనక్కి నడిచి రండి."

"ఎందుకు?"

"వెనక్కి వచ్చేటప్పుడు ఇళ్ళు ఇంకోలా ఉంటాయి," అంది వావోసా. బోండం చిప్ప తీసుకుని గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

వెళ్ళేటప్పుడు అంతా సవ్యంగానే జరిగింది. ఇరవై రెండిళ్ళు, నలభై నాలుగు తెరలు. లెయితూ ఇంటి దగ్గర దొరసాని చాలాసేపు ఆగింది, ముసలమ్మ మూలలో వేలాడే కొత్త తెరని చూసి మెచ్చుకుంది. సినాపటి వావోసా వైపు చూసి నవ్వింది కూడా. ఆ నవ్వుతో వావోసాలో మిగిలిన కాస్త జంకూ పోయింది.

ఆ తర్వాతే వెనక్కి తిరిగింది దొరసాని.

చివరింటి ఇల్లాలు తెర మడిచి చంకలో పెట్టుకుని ఎవరికి తిరిగివ్వాలో వెతుక్కుంటోంది. దానికి ముందింట్లో తెర కట్టిన తాళ్ళు మాత్రం ఊగుతున్నాయి. మధ్య ఇళ్ళలో ఏమీ లేదు. అరటితోపు దారిలో ఆరుగురు ఆడవాళ్ళు, నెత్తిన తెరలతో, చాపలతో, అరువు తెచ్చిన తలగడలతో ఎదురుపడి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయారు. ఒకావిడ తెరని ఒళ్ళంతా కప్పేసుకుని అరటిచెట్టు పక్కన నిలబడింది, అలా అయితే కనిపించననుకుందో ఏమో. మామూలు రోజైతే ఊరు నెల రోజులు చెప్పుకుని నవ్వుకునేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

లెయితూ ఇంట్లో రెండు తెరలూ అలాగే ఉన్నాయి.

"ఇది నీదేనా?" అడిగింది దొరసాని.

"కాదు దొరసానీ, మా అక్కది. అడిగితే ఇచ్చింది," అంది లెయితూ, దాచకుండా.

వావోసా ఇంట్లో రెండున్నాయి, రెండూ ఆమెవే. ఊరు మొత్తంలో నెగ్గిన ఇల్లు అదొక్కటే.

దొరసాని అరవలేదు. చర్చి ముందు గడ్డిలో అందరినీ కూర్చోబెట్టింది. ఇరవై ఒక్క ఇళ్ళ మగవాళ్ళూ చట్టం ప్రకారం ఏడు రోజులు రోడ్డు పని చెయ్యాలంది. వచ్చేసారికి ఎవరి తెరలు వాళ్ళకి ఉండాలంది. తర్వాత, ఏదో మంచి చేస్తున్నాననుకుని, వావోసా చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"ఈమె నాకు చెప్పింది, వెనక్కి నడవండి అని. ఊరిలో ఒక నిజమైన మనిషి ఈమె. కాటా ఈమె ఇంట్లో."

ఆ పొగడ్త కన్నా రెండు చెంపలూ వాయించినా బాగుండేది. సినాపటి లేచి, తన చాప తనే చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ చాప ఆవిడ చుట్టుకోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. వెనక ఒక్కొక్కరే లేచారు. చివర్లో సులామీ కాలు ఈడ్చుకుంటూ వావోసా ముందు ఆగింది.

"తెర లేకపోతే నన్ను దోమ కుడుతుంది, అంతే కదే. నిన్నేం కుట్టిందే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లెయితూ భుజం పట్టుకుని నడిచింది.

కాటా వావోసా దూలానికి వేలాడింది. మొదటి తూకం రోజు పొద్దున్నే ఆమె పెళ్ళిళ్ళకి తీసే సన్న చాపలు పరిచింది, పెద్ద గిన్నెలో కోకో కాచింది, పెన్సిలు చెక్కి పెట్టుకుంది. తల్లులు ఆమె ఇంటి ముందు నుంచే పిల్లల్ని చంకనెత్తుకుని స్నానాల మడుగుకి వెళ్ళారు, స్నానాలు చేయించి తిరిగొచ్చారు. ఎవరూ తల తిప్పలేదు. గోడల్లేని ఇల్లు కదా, నాలుగు పక్కల నుంచీ కనిపిస్తూ మధ్యాహ్నం దాకా ఒక్కతే కూర్చుంది. కోకో మీద మీగడ కట్టింది. లఫయేలే ఊరివాళ్ళతో రోడ్డు పనికి వెళ్ళాడు. అతని ఇల్లు నెగ్గింది కనక వెళ్ళక్కర్లేదు. అయినా వెళ్ళాడు.

పదిహేను రోజుల తర్వాత రెండో తూకం. అదీ అంతే. పుస్తకంలో రెండు పేజీల మీద తేదీలు తప్ప ఏమీ లేవు. మూడో తూకం నాడు మధ్యాహ్నానికి దొరసాని వస్తుంది, ఖాళీ పేజీలు చూస్తుంది, కాటా తీసుకుపోతుంది. ఊరందరి ముందు, లెయితూ చూస్తుండగా, దూలం నుంచి దించుతుంది. వావోసాకి మిగతా ఊరు చూడడం కన్నా లెయితూ చూడడమే బాధ. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా!

ఆ రోజు పొద్దున కోకో కాచలేదు, మంచి చాపలూ తియ్యలేదు. తాలియాని ఒళ్ళో వేసుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నీడ పడితే తలెత్తింది. లెయితూ. వెనకాల సులామీ.

"అక్కా, వీణ్ణి తూచు. మోయలేక చేతులు పడిపోతున్నాయి," అంది లెయితూ. పిలిచినట్టుగా లోపలికి వచ్చి మధ్యలో కూర్చుంది. సులామీ కాలు చాపుకుని ఆమె పక్కన కూర్చుంది.

ముసలావిడ కూర్చోవడం వీధిలో ఎవరో చూశారు. ఇద్దరు వచ్చారు, తర్వాత నలుగురు వచ్చారు. లెయితూ ఏదో అంది, ఎవరో నవ్వారు, ఆ నవ్వు విని ఇంకో ఆరుగురు వచ్చారు. ఎండ నడినెత్తికి రాకముందే ఇల్లు నిండిపోయింది. చివరికి సినాపటి కూడా మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. వావోసా కలగన్నది కలగన్నట్టే జరిగింది. చాపలు ఆమెవి, దూలం ఆమెది, పెన్సిలు ఆమె చేతిలో ఉంది. వచ్చినవాళ్ళంతా మాత్రం లెయితూ వైపు తిరిగి కూర్చున్నారు. ఇల్లు కూడా ఈ పిల్ల భిక్ష పెడితేనే నిండిందా? రాకుండా ఉంటే బాగుండేది అనుకుంది. రాకపోతే ఏమయ్యేదో తెలుసు, అయినా అనుకుంది.

"లెయితూ కొడుకు, పంతొమ్మిది పౌన్లు," అని చదివింది. ఇల్లంతా "ఓహో" అంది. "పంది పిల్లని మింగాడే!" అని ఎవరో అన్నారు. లెయితూ పడీపడీ నవ్వింది.

తర్వాత తాలియాని ఊయలలో వేసింది. లెయితూ లేచి వచ్చి ఊయల ఊగకుండా పట్టుకుంది. ముల్లు పన్నెండు దగ్గర ఆగింది. వావోసా వెనక ఇల్లంతా ఎదురుచూస్తోంది.

"పదిహేను," అంది వావోసా. పుస్తకంలో అదే రాసింది.

లెయితూ ముల్లు వైపు చూసింది. అక్షరాలు రాకపోయినా, తన కొడుకుని తూచినప్పుడు ముల్లు ఎక్కడికి పోయిందో, ఇప్పుడు ఎక్కడ ఆగిందో ఆమెకి తెలుసు. సముద్రం వైపు తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం వావోసాకి అన్నిటికన్నా మండింది.

దొరసాని వచ్చింది. ఇంటి నిండా తల్లుల్ని చూసి ముఖం విప్పారింది. వెంట తెచ్చిన సంచిలోంచి పాలడబ్బాలు తీసి వరసగా పెట్టింది.

"పదమూడు కన్నా తక్కువ ఉన్న పిల్లలకి. ఆరు డబ్బాలు. తాలియా గురించే తెచ్చాను, పోయినసారి చూసి భయపడ్డాను." పుస్తకం తిప్పింది. "పదిహేను! వావోసా, చాలా మంచి తల్లివి నువ్వు. అయితే ఇవి పక్క ఊరికి. అక్కడ ఒక బాబు ఉన్నాడు."

"మళ్ళీ ఒకసారి తూస్తే?" అంది లెయితూ మెల్లిగా.

"అక్కర్లేదు. వావోసా పుస్తకం నేను చూడక్కర్లేదు," అంటూ దొరసాని డబ్బాలు ఒక్కొక్కటే సంచిలో వెయ్యడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

తాలియా వావోసా రవిక పట్టుకుని లాగుతోంది. రాత్రంతా లాగిన లాగుడే. అక్కడేమీ లేదు.

"పన్నెండు," అంది వావోసా.

ఎవరికీ వినపడలేదు. గొంతు పెంచింది.

"పన్నెండే దొరసానీ. నేను తప్పు రాశాను. కావాలనే రాశాను."

"ఎందుకు?" దొరసాని నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆ ఇంట్లో దొరసాని తప్ప ఎవరికీ జవాబు అక్కర్లేకపోయింది. దొరసాని పెదాలు బిగించి, పెన్సిలు తీసుకుని, పదిహేను కొట్టేసి పన్నెండు వేసింది. డబ్బాలు ఆరూ తీసి ఆమె ముందు పెట్టింది.

అప్పుడు సినాపటి గొంతు సవరించుకుంది.

"ఊళ్ళో ఇరవై ఒక్క దొంగ ఇళ్ళున్నాయి, ఒక్కటి తక్కువైందని ఇన్నాళ్ళూ దిగులుగా ఉండేది. ఇవాళ్టికి సరిపోయిందే వావోసా," అంది.

ముందు సులామీ నవ్వింది, బోదకాలు అదిరేలా. తర్వాత ఇల్లంతా నవ్వింది. అరటిచెట్టు పక్కన తెర కప్పుకున్నావిడ అందరికన్నా గట్టిగా నవ్వింది. సినాపటి తన చాప మీద కొంచెం పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో" అని అరిచేత్తో తట్టింది. వావోసా వెళ్ళి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

లెయితూ మాత్రం నవ్వలేదు. డబ్బా తెరవాలి, నీళ్ళు కాచాలి, చల్లార్చాలి. తాలియా ఏడుపు అంతసేపు ఆగేలా లేదు. లెయితూ వచ్చి వావోసా ఒళ్ళోంచి పాపని అడగకుండానే తీసుకుని, పక్కనే కూర్చుని, రొమ్ముకి పట్టింది.

అత్తని తీసుకుంది, ఊరిని తీసుకుంది, ఇప్పుడిది కూడానా! లాక్కోవడానికి వావోసా చెయ్యి చాపింది. తాలియా కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి, ఊపిరి కూడా తీసుకోకుండా తాగుతోంది. గుటకల చప్పుడు వినిపిస్తోంది. ఇన్ని నెలల్లో తన దగ్గర ఒక్కనాడూ వినని చప్పుడు.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రెండో పక్క కూడా పట్టవే," అంది వావోసా, ముఖం అటు తిప్పుకుని. "దానికి ఒక్కటి చాలదు."